రోగి పలుకు, సేవకుని పలుకు

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాలను కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి తోటల నేల అది. దశాబ్దాలుగా అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎందరినో పీడిస్తున్నది. మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం వస్తున్నది. మూలకారణం నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనాయి. అయితే వారానికి రెండు మూడు పర్యాయాలు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ మంచం మీద గడిపే రోగికి యంత్రంతో పాటు మనిషి కూడా కావాలి.

ఈ వ్యాధి తొలిదశలో నొప్పి పుట్టించదు. అందుచేత రోగి నోట వెలువడే చిన్న మాటలకు విలువ ఎక్కువ. ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొని మింగిన బిళ్లలు మూత్రపిండాలను మరింత చెరచగలవు. ఆ సంగతి రోగి చెబితేనే తెలుస్తుంది. మరి అతడు ఎవరికి చెబుతాడు?

ఆ సీమవారి ‘ఏటి’, ‘నాను’ వంటి పలుకులు సినిమాలలో నవ్వులాటకు పనికివచ్చాయి. ఆ ఊళ్లలోనే పుట్టి, పట్నంలో నర్సు చదువు చదివి, తన యాసను దాచుకోవడం నేర్చిన యువతిని ఊహించండి. “మందు ఒగ్గీసినాను” అని రోగి అన్నప్పుడు ఆమెకు వినిపించేది అతని బాధ కాదు, తాను దాచిన తన గొంతు. ఆమె విసుక్కుంటుంది. అతడు నోరు మూసుకుంటాడు.

ముస్లిం నర్సు విషయంలో ఈ చిక్కు రెండింతలు. షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు గల శ్రీకాకుళంలో ముస్లిములు కొత్తవారు కారు. అయినా పేరు అడిగితే తడబడే నర్సు ధ్యాస రోగి మీద నిలువదు. తనను ఎలా చూస్తున్నారోనన్న బెంగ మీదే ఉంటుంది. తన పేరును, తలమీది ముసుగును, వీధిలో నేర్చిన యాసను తనవిగా ఒప్పుకొన్నామెకు ఆ బెంగ ఉండదు. మిగిలిన ధ్యాస రోగికి దక్కుతుంది.

దీనిని కిబ్ర్‌తో, అనగా అహంకారంతో పొరబడరాదు. జనాన్ని చిన్నచూపు చూడడం దైవప్రవక్త (స) కిబ్ర్‌కు చెప్పిన లక్షణాలలో ఒకటి. తనను అంగీకరించినవారికి ఇతరులను తక్కువ చేయవలసిన అగత్యమే లేదు. ‘రహ్మత్’ అనే అరబీ పదాన్ని ‘దయ’ అని అనువదిస్తాము గాని, గర్భాన్ని సూచించే ‘రహిమ్’ కూడా అదే ధాతువు నుండి వచ్చింది. తల్లి తాను తానుగా ఉంటూనే మరొక ప్రాణికి చోటిస్తుంది. ‘దయ’ అనే తెలుగు మాటలో ఈ భావం రాదు.

హిజ్రీ 5లో, ఖందఖ్ యుద్ధకాలాన, మదీనా మసీదు చెంత గుడారంలో గాయపడినవారికి చికిత్స చేసిన రుఫైదా (ర) అస్లమ్ తెగ స్త్రీ. చరిత్ర ఆమెను ‘అస్లమియా’ అనే పిలుస్తుంది. ఆ గుడారానికి తెచ్చిన సఅద్ బిన్ ముఆజ్ (ర) మాత్రం ఔస్ తెగ నాయకుడు.

ఉద్దానంలో ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తలు సాధారణంగా ఆ ఊరివారే. రోగి ఇంటి అరుగు మీద కూర్చుని, అతని యాసలోనే “ఏటి మింగినావు?” అని అడిగినప్పుడు ఆ బిళ్లల సంగతి బయటపడుతుంది.