కర్రసాము

కర్రసాము కర్రను ఆయుధంగా చేసుకొని సాగే ఒక సాంప్రదాయిక యుద్ధవిద్య. ఎదుటివాని దెబ్బను కాచుకోవడం, అవసరమైనప్పుడు తిరిగి కొట్టడం ఇందులోని రెండు ప్రధానాంశాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దీనిని ఉత్సవ ప్రదర్శనగాను, వ్యాయామంగాను, ఆత్మరక్షణ విద్యగాను అభ్యసిస్తారు. తమిళనాడులోని సిలంబం, పంజాబులోని గత్కా, ఫిలిప్పీన్స్ దేశపు అర్నిస్ దీనికి దగ్గరి విద్యలు.

పేరు

సాము అనగా దేహపరిశ్రమతో కూడిన ఆయుధాభ్యాసం. కత్తితో చేసేది కత్తిసాము, కర్రతో చేసేది కర్రసాము. ఈ విద్యలు నేర్పే చోటును గరిడి అని, ఉర్దూ ప్రభావం వల్ల తాలింఖానా అని వ్యవహరిస్తారు. కాలక్రమంలో తాలింఖానా అనే మాట ప్రదర్శనకు కూడా పేరైంది. కోనసీమలోని అమలాపురంలో దసరా ఉత్సవాలలో జరిగే తాలింఖానా ప్రసిద్ధమైనది.

కర్ర

కర్రసాముకు సాధారణంగా కణుపులు దగ్గరగా ఉన్న గట్టి వెదురును వాడతారు. పొడవు సాధకుని భుజానికో, నుదుటికో సరిపోతుంది. పగులు ఉన్న కర్రను అభ్యాసానికి వాడరాదు. దెబ్బ తగిలినప్పుడు అది చీలి, పేళ్ళు కంటిలో పడే ప్రమాదం ఉంది. కొత్తగా నేర్చుకొనేవారు తేలిక కర్రతో మొదలుపెట్టడం మంచిది.

అభ్యాస క్రమం

చూసేవారికి కర్ర తిరగడమే కనబడుతుంది కాని, విద్యకు మూలం అడుగులలో ఉంది. "నేల విడిచి సాము" అనే జాతీయం ఈ విద్య నుండే పుట్టింది. పాదం నిలదొక్కుకోకుండా విసిరిన దెబ్బకు బలం ఉండదు. గురి తప్పితే విసిరినవాడే తూలిపడతాడు. కాబట్టి ముందుకు, వెనుకకు, పక్కకు అడుగు మార్చడం మొదట అలవడాలి. తరువాత మణికట్టుతో కర్ర తిప్పడం, అటుపై తల, భుజం, నడుము, మోకాలు అనే వరుసలో దెబ్బ వేయడం, కాచుకోవడం వస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి చేసే అభ్యాసం చివరి మెట్టు. ఒంటరిగా ఎంత వేగంగా కర్ర తిప్పినా, ఎదుటివాని కదలికను బట్టి దూరం అంచనా వేయగలగడం జంట అభ్యాసంలోనే అలవడుతుంది.

ఫిలిప్పీన్స్ అర్నిస్‌తో పోలిక

అర్నిస్‌కు ఎస్క్రిమా అని కూడా పేరు. ఈ మాట ఖడ్గవిద్య అనే అర్థమిచ్చే స్పానిష్ పదం నుండి వచ్చింది. 2009 డిసెంబరు 11న వెలువడిన 9850వ రిపబ్లిక్ చట్టం అర్నిస్‌ను ఆ దేశపు జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. దీనిలో వాడే పేము కర్ర సుమారు 28 అంగుళాలు (71 సెం.మీ.) మాత్రమే ఉంటుంది. రెండు చేతులా రెండు కర్రలు పట్టి చేసే అభ్యాసాన్ని సినవాలి అంటారు. వెదురు తడిక అల్లికను పోలి ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

చాలా యుద్ధవిద్యలలో మొదట వట్టి చేతులతోను, తరువాత ఆయుధంతోను శిక్షణ ఇస్తారు. అర్నిస్‌లో ఈ క్రమం తారుమారు. దెబ్బ ఏ దిక్కు నుండి వస్తోందో గుర్తించడం కర్రతో నేర్పి, అదే జ్ఞానాన్ని కత్తికీ, వట్టి చేతికీ అన్వయిస్తారు. ప్రత్యర్థి దేహం కంటె ఆయుధం పట్టిన చేతిని ముందుగా కొట్టడం మరొక ముఖ్య సూత్రం. చేయి పనికిరాకపోతే అతడు కోరలు పీకిన పాము వంటివాడు. అయితే పాత పద్ధతిలో అభ్యాస సమయంలోనే ఒకరి చేతిని ఒకరు కొట్టుకోవడం వల్ల గాయాలై చాలామంది మానివేసేవారు. మోడర్న్ అర్నిస్ శాఖను రూపొందించిన రెమీ ప్రెసాస్ (1936–2001) చేతికి బదులు కర్రను కర్రతో కొట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. కర్రసాము నేర్పేవారు కూడా గమనించదగిన మార్పు ఇది.

జనగామ ప్రాంతంలో కర్ర

ఆత్మరక్షణకు కర్ర పట్టిన ఘట్టాలలో తెలంగాణ రైతాంగ పోరాటం ప్రముఖమైనది. నాటి జనగామ తాలూకాలో ఆంధ్ర మహాసభ కార్యకర్తలు గుత్పలు పట్టుకొని తిరిగేవారు. గుత్ప అంటే పొట్టిగా, లావుగా ఉండే చేతికర్ర. అందువల్ల ప్రజలు సంఘాన్ని గుత్పల సంఘం అని పిలిచేవారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుండి కాపాడి ఇంటికి చేర్చినది ఈ సంఘపు కార్యకర్తలే. వీరిది గరిడిలో నేర్చిన విద్య అని చెప్పలేము. జనం గుమిగూడి నిలబడడమే వారి బలం.

1946 జూలై 4న కడవెండిలో కర్రలు, వడిసెలలతో ఊరేగింపుగా సాగిన గ్రామస్థులపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. కర్ర శక్తి, దాని పరిమితి రెండూ ఈ ప్రాంత చరిత్రలోనే కనబడతాయి. కర్ర అందేంత దూరంలో ఉన్నవానినే అది ఆపగలదు. పాలకుర్తి, కడవెండి రెండూ నేడు జనగామ జిల్లాలో ఉన్నాయి.

ఆత్మరక్షణ, చట్టం

1959 ఆయుధాల చట్టంలోని నిర్వచనం ప్రకారం, ఇంటి పనికి లేదా వ్యవసాయానికి మాత్రమే ఉద్దేశించిన లాఠీ, మామూలు చేతికర్ర ఆయుధాల కిందకు రావు. ఆత్మరక్షణ హక్కును పూర్వం భారత శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు గల సెక్షన్లు వివరించేవి. 2024 జూలై 1 నుండి అవి భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 సెక్షన్లుగా అమలులోకి వచ్చాయి. రక్షణకు అవసరమైనంత మేరకే హాని చేయవచ్చునని చట్టం చెబుతున్నది. దాడి చేసినవాడు పారిపోతుండగా వెంబడించి, అపాయం తొలగిన తరువాత కొట్టిన దెబ్బ ఆత్మరక్షణ కాదు.

కర్రసాము నేర్చుకొనేవారు ఈ పరిమితిని కూడా విద్యలో భాగంగానే గ్రహించాలి. అడుగు వెనుకకు వేసి తప్పుకొనే వీలు ఉన్నప్పుడు తప్పుకోవడమే ఉత్తమం. మొదటి రోజు నేర్పే అడుగులు అందుకు కూడా పనికివస్తాయి.

ఇవి కూడా చూడండి

కత్తిసాము
సిలంబం
చాకలి ఐలమ్మ
దొడ్డి కొమరయ్య