అమెరికా కళాశాలల క్రీడాస్పర్ధలు

1852వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీని అమెరికాలోని న్యూహాంప్‌షైరు రాష్ట్రమున, విన్నిపెసాకీ యను సరస్సుపై హార్వర్డు, యేలు విద్యార్థులు పడవల పందెము వేసికొనిరి. హార్వర్డువారు గెలిచిరి. ఆ దేశమున రెండు కళాశాలల నడుమ జరిగిన మొట్టమొదటి క్రీడాస్పర్ధ యిదియే యని చరిత్రకారులు చెప్పుదురు. అయితే విద్యార్థుల నచ్చటికి రప్పించి వ్యయమును భరించినది విద్యాలయములు కావు. ఒక రైల్వే కంపెనీ యధికారి. తమ రైలుమార్గమునకు ప్రయాణికులను రాబట్టుట యాతని యుద్దేశము. కావున కళాశాలల యాటలలో వాణిజ్యము నిన్న మొన్న ప్రవేశించినదని శోకించువారు పొరపడుచున్నారు. అది పుట్టుకతో వచ్చిన గుణమే.

అట్లయిన నేడు క్రొత్తగా జరిగిన కీడేమి? ఆటవలన ధనము వచ్చుట కాదు. ఆ ధనముకొఱకు ఇరుగుపొరుగు విద్యాలయములు తమ నూరేండ్ల పోటిని తెంచుకొనుటయే విచారింపదగిన విషయము.

అచ్చటి ఫుట్‌బాలు మన మెఱిగిన బంతియాట కాదు. బంతిని చేతబట్టి పరుగిడుచు, ఎదిరిపక్షమువారిని ఢీకొనుచు నాడెడి యాట. దానిని చూడవచ్చువారు విద్యార్థులు మాత్రమే కారు. మిషిగను విశ్వవిద్యాలయపు స్టేడియమున లక్షమందికి మించి కూర్చుండుటకు వసతి కలదు. పైచదువులకై తెలుగునాటినుండి పోయిన విద్యార్థులు, శనివారమునాడు ఊరెల్ల నొక్క రంగు దుస్తులు దాల్చి తిరునాళ్లకు వలె స్టేడియమునకు సాగుట చూచి మొదట విస్తుపోవుదురు.

ఈ యుత్సాహమునకు మూలము పొరుగుతనము. కాన్సాసు, మిస్సోరి విశ్వవిద్యాలయములు 1891లో పోటి యారంభించెను. అంతకుముందు 1850 తరువాతి సంవత్సరములలో బానిసత్వమును గూర్చిన కలహమున ఆ రెండు ప్రాంతముల సరిహద్దు రక్తసిక్తమయ్యెను. ఆ జ్ఞాపకము వారి యాటలోనికి దిగెను. టెక్సాసు విశ్వవిద్యాలయమునకును, టెక్సాసు ఏ అండ్ ఎం కళాశాలకును 1894లో ఆట మొదలయ్యెను. ఒకే యింట అన్న యొక చోటను, తమ్ముడు మఱియొక చోటను చదివిన కుటుంబము లచ్చట నెన్నియో కలవు. ఓడినవాడు మఱుసటి యేటిదాక చుట్టముల యెత్తిపొడుపులను సహింపవలయును. ఎదిరి దూరపువాడైనచో నీ రుచి యుండదు. దాయాదుల పంతము తెలుగువారికి క్రొత్త కాదు గదా!

ఇట్టి పోటీలను నియమబద్ధము చేయుటకే కాన్ఫరెన్సులు, అనగా కూటములు, పుట్టెను. 1895లో ఏడు విశ్వవిద్యాలయముల అధ్యక్షులు షికాగోలో సమావేశమై, ఆటలపై అధికారము ఆచార్యుల చేతిలో నుండవలయునని నిశ్చయించిరి. 1896లో నేర్పడిన ఆ కూటమియే నేటి బిగ్ టెన్. 1915లో పసిఫిక్ తీరమందలి నాలుగు విద్యాలయములు పోర్ట్‌లండు నగరమున మఱియొక కూటమిని నెలకొల్పెను. దాని వారసత్వమును చెప్పుకొన్నదే తరువాతి పాక్ 12. ఆ కాలమున ప్రయాణములు రైలుపై జరుగుచుండుటచేత, కూటమిలోనివారందరు ఇంచుమించు నొక్క ప్రాంతమువారే. భూగోళమే నియమముగా నుండెను.

1905లో ఆటయందు ప్రాణములు గోల్పోయిన యువకుల సంఖ్య హెచ్చగా, అధ్యక్షుడు థియోడరు రూజ్వెల్టు పెద్ద విద్యాలయముల ప్రతినిధులను పిలిచి ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. ఆ యలజడినుండియే 1906లో దేశమున కంతకును ఒక క్రీడాసంఘ మేర్పడెను. 1910 నుండి దానికి ఎన్.సి.ఎ.ఎ. యని పేరు. టెలివిజను వచ్చిన పిమ్మట, ప్రసార మధికమైనచో స్టేడియములకు జనము రారను భయముతో ఈ సంఘము ప్రసారములకు మితి విధించి, హక్కులను తానే విక్రయించుచుండెను. ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయములు దీనిపై దావా వేయగా, 1984లో అమెరికా సుప్రీముకోర్టు ఏడుగు రొకవైపు, ఇద్దరొకవైపుగా ఆ కట్టడిని కొట్టివేసెను. భిన్నాభిప్రాయము వ్రాసిన బైరను వైటు యౌవనమున కళాశాల ఫుట్‌బాలులో ప్రఖ్యాతి గాంచినవాడు. కళాశాలల క్రీడను కేవలము వ్యాపారముగా భావించుట తప్పని యాతడు వాదించెను. న్యాయశాస్త్రరీత్యా మెజారిటీ తీర్పు సరియైనదే కావచ్చును. కాని ఆతని శంక నిరాధారము కాదని తరువాతి చరిత్ర చాటినది.

ఆ తీర్పుతో ప్రసారహక్కు విద్యాలయములకును, వాని కూటములకును దక్కెను. ఎక్కువ ఇండ్లలో టెలివిజనుపై కనబడు కూటమికి ఎక్కువ ధనము. కావున పొరుగును విడిచి విపణిని వెదకుట మొదలయ్యెను. 2012లో టెక్సాసు ఏ అండ్ ఎం, మిస్సోరి రెండును పాత కూటమిని వీడి ఆగ్నేయ కూటమిలో చేరెను. దానితో టెక్సాసువారి ఆటయు, కాన్సాసువారి ఆటయు 2011తోనే నిలిచిపోయెను. 2022లో బిగ్ టెన్ ఏడేండ్ల ప్రసారమునకు కుదుర్చుకొన్న ఒప్పందముల విలువ 700 కోట్ల డాలర్లకు మించునని పత్రికలు ప్రకటించెను. ఆ యేడే లాస్ ఏంజలసులోని రెండు విశ్వవిద్యాలయములు పాక్ 12ను వీడుటకు నిశ్చయించెను. మఱుసటి యేట మఱి యెనిమిది వానిని వెంబడించెను. 2024 నాటికి ఆ ప్రాచీన కూటమిలో మిగిలినవి రెండే.

నేడు బిగ్ టెన్ అను పేరునకు పది, లెక్కకు 18. అందు సియాటిలులోని వాషింగ్టను విశ్వవిద్యాలయమును, న్యూజెర్సీలోని రట్గర్సును కలవు. వాని నడుమ దూరము రమారమి 2400 మైళ్లు. పసిఫిక్ తీరమందలి స్టాన్‌ఫర్డు అట్లాంటిక్ తీర కూటమిలో సభ్యురాలు! ఫుట్‌బాలువారు వారమున కొక్క యాట యాడుదురు గనుక ఈ ప్రయాణములను కొంత తట్టుకొనగలరు. వాలీబాలు, బేస్‌బాలు ఆడు విద్యార్థు లంతకంటె నెక్కువమారు లాడవలసినవారు. ధనము ఫుట్‌బాలుది, తప్పిపోవు పాఠములు వీరివి.

ఆటగాండ్రకు వేతన మిచ్చుటచేతనే ఈ యనర్థము వచ్చినదని కొందఱందురు. కాలక్రమమును చూచినచో ఈ వాదము నిలువదు. టెక్సాసు పోటి నిలిచినది 2011లో. ఆటగాండ్రు తమ పేరును, రూపమును ప్రకటనల కిచ్చి ధనము గడించుటకు అనుమతి వచ్చినది 2021 జులై 1న. అందాక వారికి దక్కినది చదువు, వసతి, భోజనముల వ్యయమే. అనేక రాష్ట్రములలో ప్రభుత్వోద్యోగు లందరికంటె నెక్కువ వేతనము గొన్నది ఫుట్‌బాలు లేక బాస్కెట్‌బాలు శిక్షకుడు. ఆటగాని పేరు మాత్రము 'విద్యార్థి క్రీడాకారుడు'. గాయపడినవారు కార్మికులకు వలె నష్టపరిహారము కోరకుండుటకే ఈ పదమును వ్యాపింపజేసితిమని ఎన్.సి.ఎ.ఎ.ను చిరకాలము నడపిన వాల్టరు బయర్సే పిదప నొప్పుకొనెను. 2021లో సుప్రీముకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా ఆటగాండ్ర పక్షమున తీర్పు చెప్పిరి. 2025 జూన్ 6న ఆమోదింపబడిన రాజీచే, పూర్వపు ఆటగాండ్రకు సుమారు 280 కోట్ల డాలర్లును, 2025-26లో ఒక్కొక్క విద్యాలయము తన ఆటగాండ్రకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవఱకును చెల్లించుట కేర్పాటయ్యెను. ఇది దానము కాదు, చిరకాలపు బాకీ.

విపణి తెంచినదానిని విపణియే తిరిగి కలుపునని మఱికొందఱి సమాధానము. 2024లో టెక్సాసు కూడ ఆగ్నేయ కూటమిలో చేరుటతో, నవంబరు 30న పాత ప్రత్యర్థులు మరల తలపడిరి. టెక్సాసు 17-7గా గెలిచెను. కాన్సాసు, మిస్సోరి ఆట 2025లో మరల జరిగెను. సంతోషమే. కాని టెక్సాసుతోపాటు అదే దినమున ఓక్లహామాయు కూటమి మారుటచేత, ఓక్లహామా స్టేటుతో దానికి గల చిరకాలపు ఆట 2023తో నాగిపోయెను. ఒక్క మార్పే ఒక పోటిని బ్రతికించి, మఱియొకదానిని పడగొట్టెను. బ్రతికినదైనను జనుల హక్కుగా బ్రతుకలేదు. వర్తకుల దయగా బ్రతికెను.

విద్యాలయములు నిస్సహాయములు కావు. బిగ్ టెన్ స్థాపకులలో నొకటియైన షికాగో విశ్వవిద్యాలయము 1939లో ఫుట్‌బాలును మానివేసెను. దానిచేత దాని విద్యాప్రతిష్ఠకు లోపము రాలేదు. హార్వర్డు, యేలు చేరియున్న ఐవీ కూటమి క్రీడావేతనముల నీయదు. 2025 నాటి రాజీలోను చేరలేదు. ఆ రెండింటి పోటి నేటికిని సాగుచునే యున్నది.

స్టేడియము విద్యాలయముది, ప్రసారహక్కు దానిది, కండబలము ఆటగానిది. వీని వెల కట్టవచ్చును, కట్టవలయును. కాని రెండూళ్ల నడుమ నాలుగు తరములవారు కూర్చుకొన్న పంతము ఏ యొక్క పాలకవర్గపు సొత్తును కాదు. తమది కానిదానిని విక్రయించు నధికారము విద్యాలయాధిపతుల కెవ్వరిచ్చిరి? ఆటగానికి కూలి చెల్లింపుడు. పొరుగువానిని పొరుగువానికి విడువుడు.