కిన్నెర మెట్లు – కళాకారుల పలుకుబడి

ప్రతి వృత్తికీ తనదైన పదజాలం ఉంటుంది. నేతకారునికి మగ్గం మాటలు, కమ్మరికి కొలిమి మాటలు ఉన్నట్లే వాద్యకారునికీ తన వాద్యంతో పుట్టిన మాటలు ఉంటాయి. ఇవి గ్రంథాలలో కంటె నాలుకల మీదనే ఎక్కువగా నిలుస్తాయి. పాలమూరు, నల్లగొండ సీమల జానపద గాయకుల పలుకుబడిని పరిశీలిస్తే, ఆ మాటలలో ఒక విద్య యావత్తూ ఇమిడి ఉన్నదని బోధపడుతుంది.

కిన్నెర అతి ప్రాచీనమైన తంత్రీవాద్యం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుని కథ ఉన్నది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో కిన్నరీవీణను వర్ణించాడు. ఈ వాద్యపరంపరను పాలమూరు ప్రాంతంలో డక్కలి కళాకారులు నిలిపారు. వెదురు దండం, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు దీనికి ప్రధాన సామగ్రి. తీగ కింద స్వరస్థానాలను సూచించే అమరికను శాస్త్రం ‘సారిక’ అన్నది. లోకం ‘మెట్టు’ అన్నది. శాస్త్రపదం తెలియనివానికి కూడ ‘మెట్టు’ అనగానే స్వరం ఆరోహణ క్రమంలో పైకి సాగడం కన్నులకు కట్టుతుంది. పండుగ సాయన్న వంటి వీరుల కథలు ఈ పన్నెండు మెట్ల మీదనే పల్లెపల్లెకూ నడిచాయి.

జానపద గాయకుల నోట వినిపించే మరి రెండు మాటలు ‘వరుస’, ‘కైగట్టుట’. వరుస అంటే పాట నడిచే బాణీ. కైగట్టుట అంటే ఆశువుగా పాట అల్లుట. నల్లగొండ సీమకు చెందిన సుద్దాల హనుమంతు జనం ఎరిగిన గొల్లసుద్దుల వంటి కళారూపాలలో తెలంగాణ సాయుధ పోరాట సందేశాన్ని పొదిగాడు. వరుస పాతది కావడంచేత కొత్త మాట సులభంగా జనం గొంతుకెక్కింది. అయితే కైగట్టుట అంటే తోచినదెల్ల పాడటం కాదు. వరుస మనసులో స్థిరపడాలి. చూపుతో పనిలేకుండా వేలు మెట్టును చేరాలి. స్వరలిపి లేని ఈ విద్యకు వినికిడియే పుస్తకం, సాధనయే గురువు.

ఈ లక్షణం మన నేలకే పరిమితం కాదు. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికాలోని నల్లజాతి ప్రజల నడుమ రూపుదిద్దుకొన్న జాజ్ సంగీతానికీ ఆశుకల్పనయే ప్రాణం. ఆ కళాకారులు తమ గిటారును, బూరను ‘గొడ్డలి’ అని పిలుచుకొన్నారు. ఏకాంతంగా చేసే కఠోర సాధనను ‘కట్టెల కొట్టం’ పేరుతో వ్యవహరించారు. వేదిక మీద అప్పటికప్పుడు పుట్టినట్లు తోచే స్వరం వెనుక, ఎవరూ చూడని ఆ కొట్టంలో గడచిన దినాలు ఎన్నో ఉంటాయి. సమాజం అంచులకు నెట్టివేసిన వారే ఇక్కడా అక్కడా ఇంతటి విద్యను సృష్టించడం గమనింపదగినది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని లింగాల మండలానికి చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ గౌరవం పన్నెండు మెట్ల కిన్నెరను దేశానికి పరిచయం చేసింది. కాని పురస్కారం కళను గుర్తిస్తుందే తప్ప నేర్పజాలదు. నేర్చే చేతులు లేకపోతే వాద్యం ప్రదర్శనశాలకు చేరుతుంది. ‘మెట్టు’ అన్న మాట ఇంటి గుమ్మం ముందరి రాతికే మిగిలిపోతుంది. వాద్యంతోపాటు దానిని పలికించే మాటలను కూడ నేర్చుకొన్నప్పుడే ఆ విద్య తరువాతి తరానికి అందుతుంది.