ఆట ఎక్కడ ఆగింది?

వేసవి సెలవులయ్యాక బడి తెరిస్తే కంప్యూటర్ ల్యాబ్ వంతు వచ్చేది అన్నిటికంటే చివర. ముందు అడ్మిషన్లు, పుస్తకాల పంపకం, యూనిఫాం కొలతలు. అవన్నీ ఒక కొలిక్కి వచ్చాక ఏ జూలైలోనో లెక్కల సారు పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి తాళం తీస్తారు. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు, ముందుకెళ్లాలంటే ఎఫ్‌1 నొక్కమన్న సూచన. నొక్కితే విండోస్ వస్తుంది. కూడికల ఆట ఉన్న సైటు తెరవబోతే కనెక్షన్ సురక్షితం కాదంటుంది. లైసెన్సుతో నడిచే ఆటైతే అసలు తెరుచుకోదు. పది కంప్యూటర్లలో ఆరు ఇలాగే ఉంటే ‘సిస్టమ్స్ పాడయ్యాయి’ అన్న మాట స్టాఫ్‌రూమ్ దాకా వెళ్తుంది. ల్యాబ్‌కు మళ్లీ తాళం పడుతుంది.

నిజానికి అక్కడ అయిపోయింది ఒక బటన్ సెల్. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉంటుంది. పేరు సీఆర్‌2032, శక్తి 3 వోల్టులు. ప్లగ్ తీసేసినా కంప్యూటర్‌లో గడియారం నడుస్తోందంటే దాని చలవే. పాతబడిన సెల్ నెలన్నర సెలవుల్లో పూర్తిగా నీరసించిపోతుంది. అప్పుడు కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ప్రతి వెబ్‌సైటు భద్రతా సర్టిఫికెట్‌కూ ఒక మొదలు తేదీ, ఒక ముగింపు తేదీ ఉంటాయి. 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే ఒప్పుకోదు. ప్లగ్ తీసి, పక్క మూత విప్పి, చిన్న క్లిప్పును నొక్కితే పాత సెల్ పైకి వస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి తేదీ, సమయం సరిచేస్తే సరి. మండల కేంద్రంలో వాచీలు బాగుచేసే దుకాణంలో కూడా ఆ సెల్ దొరుకుతుంది, కొన్ని పదుల రూపాయలకు.

చదువు నేర్పే ఆటలు మన బడుల్లో ఆగిపోవడానికి కారణాలు చాలావరకు ఈ పాటివే. బయటి నుంచి మెకానిక్ రానక్కర్లేదు, ఆ బడిలోనే ఆ పూటే సరిచేయొచ్చు. కానీ మూత విప్పే అధికారం ఎవరికుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని బడిలో ఎంత ఖరీదైన పరికరం పెట్టినా ఏడాది తిరిగేసరికి దుమ్ము పడుతుంది. ఈ కథనం రాయడానికి కారణం అదే.

వడోదర చెప్పిన లెక్క

2000లో గుజరాత్ ప్రభుత్వం వడోదరలోని వంద మునిసిపల్ పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత ‘ప్రథమ్’ సంస్థ వెళ్లి చూస్తే వాటిలో చాలావరకు అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదు. నడపడం తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు ప్రథమ్ శిక్షణ ఇచ్చిన మనుషుల్ని పెట్టింది. గుజరాతీలో లెక్కల ఆటలు తయారుచేసింది. నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చుని ఆడారు.

ఫలితాన్ని కొలిచినవాళ్లు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, షాన్ కోల్, లీ లిండెన్. మొదటి ఇద్దరికీ 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. 2007లో అచ్చయిన వాళ్ల అధ్యయనం ప్రకారం లెక్కల మార్కులు మొదటి ఏడాది 0.35, రెండో ఏడాది 0.47 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. విద్యారంగంలో ఇది చిన్న పెరుగుదల కాదు. ఇంకో సంగతి కూడా వాళ్లు దాచలేదు. పిల్లలు ఆ కార్యక్రమం నుంచి బయటికొచ్చిన ఏడాదికి లాభం చాలావరకు తరిగిపోయింది. ఆట సాగుతూ ఉండాలి. ఒక టర్మంతా ల్యాబ్ మూతపడితే పోయేది ఆ పీరియడ్లతో ఆగదు, అంతకుముందు నేర్చుకున్నది కూడా జారిపోతుంది.

ఫ్లాష్ పోయింది, ఆటలు పోనక్కర్లేదు

మన ల్యాబుల్లో ఆటలకు తగిలిన పెద్ద దెబ్బ 2020 డిసెంబరు 31న తగిలింది. ఆ రోజుతో ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే ఫ్లాష్ ఆటలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు పదిహేనేళ్లలో పిల్లల కోసం తయారైన ఎక్కాల ఆటలు, పటంలో రాష్ట్రాలు గుర్తించే ఆటలు, జీర్ణవ్యవస్థ బొమ్మలు చాలావరకు ఫ్లాష్‌లో చేసినవే. టీచర్లు ఇష్టంగా పెన్‌డ్రైవ్‌లలో పోగుచేసుకున్నవి కూడా అవే. కరోనా తర్వాత బడులు తెరిచాక వాటిని నొక్కితే తెల్ల తెర తప్ప ఏమీ రాలేదు.

వాటిలో చాలావాటిని ఇప్పటికీ ఆడించొచ్చు. రఫుల్ అనే ఉచిత ప్రోగ్రామ్ పాత ఫ్లాష్ ఫైళ్లను నడుపుతుంది. బ్రౌజర్‌కు జోడించుకోవచ్చు, విడిగా కూడా వాడుకోవచ్చు. తొలినాటి ఆటలు దాదాపు ఇబ్బంది లేకుండా ఆడతాయి, తర్వాతి కాలంలో వచ్చిన సంక్లిష్టమైనవి కొన్ని మొరాయిస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ‘ఫ్లాష్ ప్లేయర్ ఉచితం’ అని ఊరూపేరూ లేని సైట్లు ఇచ్చే ఫైళ్లను ఎక్కించవద్దు. వాటితో ఆట రాదు, వైరస్ వస్తుంది. ఒక పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ మొత్తానికి పాకుతుంది.

పిల్లలు సొంతంగా ఆటలు, కథలు చేసుకునే ప్రోగ్రామింగ్ సాధనం స్క్రాచ్ కూడా ఈ మార్పులో చిక్కుకుంది. 2013లో వచ్చిన రెండో వెర్షన్ ఫ్లాష్ మీద ఆధారపడింది. 2019 జనవరిలో వచ్చిన మూడోది బ్రౌజర్ నేరుగా నడిపే హెచ్‌టీఎంఎల్‌5తో తయారైంది. పిల్లలు పాతదాంట్లో చేసుకున్న ప్రాజెక్టులు కొత్తదాంట్లో తెరుచుకుంటాయి, కాబట్టి వాటిని చెరిపేయకండి. అయితే కొత్త స్క్రాచ్‌కు బ్రౌజర్‌లో వెబ్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ సదుపాయం కావాలి. మరీ పాత గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్లో తెరుచుకోకపోతే తప్పు స్క్రాచ్‌ది కాదు, ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ చూసుకోవాలి.

ఈ మార్పును అందరికంటే చక్కగా దాటింది ఫెట్ అని నా అభిప్రాయం. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. జావా, ఫ్లాష్‌లలో చేసిన ప్రయోగాలను ఒక్కొక్కటిగా హెచ్‌టీఎంఎల్‌5లోకి మార్చుకుంటూ వచ్చారు. సమీకరణాల తూకం, పరమాణువు కూర్పు, భిన్నాల జతలు వంటి వాటిలో పిల్లలు స్థాయి దాటుకుంటూ ఆడే ఆటలు ఉన్నాయి. ప్రతి ప్రయోగమూ ఒకే ఒక్క ఫైలు. ఇంటి దగ్గర ఫోన్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ల్యాబ్‌లో కాపీ చేస్తే నెట్ లేకుండా ఆడుతుంది. బడికి ఏ ఆట ఎంచుకోవాలని ఎవరడిగినా నా మొదటి షరతు ఇదే: అది మన డిస్కులో ఉండాలి. ముప్పైమంది ఒకేసారి తెరిస్తే నెట్‌లో నడిచే ఆట నిలబడదు.

గొంతు లేని ఆట, అక్షరం లేని ఆట

ఒకటి, రెండు తరగతుల పిల్లలు తెర మీద సూచనలు చదవలేరు, వింటారు. కాబట్టి శబ్దం రాకపోతే వాళ్లకు ఆట లేనట్టే. జీకాంప్రీ ఇందుకు మంచి ఉదాహరణ. 2000లో ఫ్రాన్స్‌లో బ్రూనో కుదోయాఁ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంకెలు, రంగులు, మౌస్ పట్టుకోవడం నేర్పే వందకు పైగా ఆటలున్నాయి. ప్రోగ్రామ్ ఎక్కించినంత మాత్రాన గొంతులన్నీ రావు. ఎంచుకున్న భాష శబ్దాలను, పదాల బొమ్మలను అది విడిగా నెట్ నుంచి దించుకుంటుంది. నెట్ లేని ల్యాబ్‌లో అందుకే మూగగా ఉండిపోతుంది. నెట్ ఉన్నచోట ఒకసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి శబ్దాలు దించుకోవాలి. తెర నల్లగా ఉండిపోతే గ్రాఫిక్స్ అందలేదని అర్థం. సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌తో తెరిచే వీలు జీకాంప్రీలోనే ఉంది. నెమ్మదిగా అయినా నడుస్తుంది.

తరగతి గదిలో టీవీకో పెద్ద ప్యానెల్‌కో హెచ్‌డీఎంఐ తీగ తగిలించినప్పుడు శబ్దం అటు వెళ్లిపోతుంది, స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు. గడియారం పక్కన స్పీకర్ గుర్తు నొక్కి ఏ పరికరం నుంచి రావాలో ఎంచుకుంటే చాలు.

తెలుగు అక్షరాలది వేరే తంటా. యూనికోడ్ రాకముందు చేసిన ప్రోగ్రామ్‌లు తమ సొంత ఫాంట్లను ఇంగ్లిష్ అక్షరాల చోటుల్లో కూర్చోబెట్టాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేసినప్పుడు ఫాంటు పోతుంది, ప్రశ్న స్థానంలో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. సీడీలో ఫాంట్ల ఫోల్డర్ వెతికి మళ్లీ ఎక్కిస్తే తెలుగు తిరిగొస్తుంది. యూనికోడ్ ఆటలో డబ్బాలు కనిపిస్తే కారణం వేరు: అక్కడ తెలుగు యూనికోడ్ ఫాంటు లేదు. ఇంకా ఎక్స్‌పీ వాడుతున్న ల్యాబుల్లో రీజనల్ సెట్టింగ్స్‌లో సంక్లిష్ట లిపుల ఎంపికకు టిక్ పెట్టాలి, లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురవుతాయి. అచ్చులు, హల్లులు నేర్చుకుంటున్న పిల్లాడికి విరిగిన అక్షరం చూపించడం కంటే ఆ పూట ఆట ఆపేయడం మేలు.

పిల్లలు సంపాదించిన స్థాయిలు మర్నాటికి మాయమవడం మరో ఫిర్యాదు. పాత ఆటలు స్కోరును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తామున్న ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో మామూలు యూజర్ రాయడానికి వీల్లేదు. ఆటను డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లోకి మార్చి ఎక్కిస్తే సమస్య తీరుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా అంతా మొదటికి తెచ్చే రక్షణ సాఫ్ట్‌వేర్ ఉంటే దానికి ఒక డ్రైవ్‌ను మినహాయించాలి. నాలుగో తరగతి పాప తాను గెలిచిన పదో స్థాయి కనిపించక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, మూడోసారికి ఆ కుర్చీలో కూర్చోదు.

దుమ్ము, ఎలుకలు, కరెంటు గురించి ల్యాబ్ నడిపేవాళ్లకు నేను చెప్పేదేముంది? బీప్ బీప్‌మంటూ తెర రాకపోతే ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం మన మెకానిక్‌లందరూ ముందుగా చేసే పని. ప్లగ్ తీశాకే చేయాలి, ఇనుప కుర్చీనో సీపీయూ డబ్బానో ఒకసారి ముట్టుకుని చేయాలి.

ఎవరు ముట్టుకోవాలి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో సుమారు 5,000 ఉన్నత పాఠశాలలకు ల్యాబులు వచ్చాయి. ఒకే సీపీయూను కొన్ని తెరలు పంచుకునే పద్ధతి ఎక్కువగా వాడారు. అక్షరాలు టైపు చేయడానికి అది సరిపోయేది కానీ, బొమ్మలు పరుగెత్తే ఆటలు అన్ని తెరల మీదా ఒకేసారి తడబడేవి. అలాంటి ల్యాబ్ ఇంకా ఉన్నచోట ఒక సీపీయూకు ఒక్క ఆటే, పిల్లలు వంతులవారీగా ఆడాలి. వేరే దారి లేదు.

తర్వాత తెలంగాణలో క్లిక్స్ పేరుతో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి చేసిన పని మరింత ముందుచూపుతో సాగింది. చతుర్భుజాల లక్షణాలతో దొంగను పట్టుకునే ‘పోలీస్ క్వాడ్’ లాంటి ఆటలను బడి ల్యాబ్‌లోనే ఉండే సర్వర్ నుంచి ఆడించారు. నెట్ ఉన్నా లేకున్నా ఆట ఉంటుంది. దీనికి 2017 యునెస్కో బహుమతి వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు మాత్రం కేరళది. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో ఉన్నత పాఠశాలల్లో విద్యార్థుల క్లబ్బులు పెట్టింది. సభ్యులు లక్షకు పైగా ఉన్నారు. యానిమేషన్, ప్రోగ్రామింగ్‌తోపాటు హార్డ్‌వేర్ కూడా వాళ్లకు నేర్పుతారు. తమ బడి పరికరాలు నడిచేలా చూసుకోవడంలో ఆ పిల్లలు టీచర్లకు చేయందిస్తారు. కేరళ బడులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా లినక్స్ మీద తయారైనదే, లైసెన్సు గడువు అన్న మాటే ఉండదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసిన ఈ సమయంలో మన విద్యాశాఖలు ఆ దారిని శ్రద్ధగా చూడాలి.

మన టీచర్లను ఆపుతున్నది తెలియకపోవడం కాదు, స్టాక్ రిజిస్టర్. పరికరం పోతే సంతకం పెట్టినవాళ్ల మెడకు చుట్టుకుంటుందన్న భయం న్యాయమైనదే. ఆ భయం తీర్చాల్సింది పైవాళ్లు. డబ్బుకు దారి ఇప్పటికే ఉంది. సమగ్ర శిక్షా కింద విద్యార్థుల సంఖ్యను బట్టి 10,000 నుంచి లక్ష రూపాయల దాకా వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటును పనిచేయని పరికరాల మార్పిడికి, ఆట సామగ్రికి, ఇంటర్నెట్‌కు వాడుకోవచ్చు. బటన్ సెల్స్, హెడ్‌ఫోన్లు, మౌస్‌లు అందులోంచే కొనొచ్చు. కావలసింది డీఈవో కార్యాలయం నుంచి ఒక పేజీ ఉత్తర్వు: ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక టీచర్, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నలుగురైదుగురు పిల్లలు ల్యాబ్ బాధ్యులని, టీచర్ సమక్షంలో సీపీయూ మూత విప్పడానికి వాళ్లకు అనుమతి ఉందని, చేసిన ప్రతి మరమ్మతునూ కంప్యూటర్ నంబరుతో ఒక నోట్‌బుక్‌లో రాయాలని, అలా రాసిన మరమ్మతులో విడిభాగం పాడైతే టీచర్ జీతంలోంచి కోయరని.