వానను నమ్ముకొన్న జట్టు

ఓరుగల్లు వీథులకు పందెము క్రొత్త మాట కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినమెల్ల ఈ నగరమున దిరిగి చూచిన వింతలలో కోడిపోరును, పొట్టేళ్ళ పోరును గలవు. ఆ కృతిని శ్రీనాథుడే రచించెనని వాదించువారును, కాదనువారును నేటికిని గలరు; ఆ తగవుతో ఇక్కడ పని లేదు. ఇరువురు మిత్రులు జతగా నిలిచి రెండు మృగముల పోరును కన్నార్పక చూచుట ఈ యూరి సాహిత్యమునకు అయిదారువందల యేండ్ల నాటి యలవాటని మాత్రము తెలియుచున్నది. నేడు హనుమకొండలోనో, కాజీపేటలోనో ఒక విద్యార్థి రాత్రి భోజనమైన పిదప చేతిలోని యంత్రపు తెరను వెలిగించి, రెండు వింతమృగములను రంగమున దింపినచో, “ఇంత చదివి ఇదేమి పిల్లలాట” యని ఇంటి పెద్దలు విసుగుకొనుట సహజమే. మంచనశర్మ యున్నచో మాత్రము పీట దగ్గరకు జరుపుకొని కూర్చుండెడివాడు.

ఆ యాట పేరు పోకెమాన్. ‘పాకెట్ మాన్‌స్టర్స్’ అను రెండు మాటల కుదింపు అది. జేబులో నిముడు భూతములని చెప్పుకొనవచ్చును. 1996 ఫిబ్రవరిలో జపాను దేశమున వెలువడినది. దానిని కల్పించిన సతోషి తాజిరి బాల్యమున పురుగులను పట్టి చేర్చు వేడుక గలవాడు. ఆ వేడుకయే ఆటకు బీజమైనది. తొలినాళ్ళలో మృగములు ఒకదానితో నొకటి మాత్రమే పోరెడివి. 1999 లో వచ్చిన రెండవ తరమున వాన, ఎండ, ఇసుకగాలి రంగమున ప్రవేశించెను. 2002 లో వచ్చిన మూడవ తరమున జంటపోరు పుట్టెను. రంగమున నడుగిడినంతనే వాతావరణమును మార్చివేయు సహజగుణములును ఆ తరముననే పుట్టెను. ఈ రెండును కలిసిన చోటనే ఆట శాస్త్రమైనది.

నియమములు పెక్కు లేవు. అధికారిక పోటీలందు ఒక్కొక్క ఆటగాడు ఆరు మృగముల జట్టుతో వచ్చును. పోరునకు ముందు ఉభయుల జట్లును ఉభయులకు కనబడును. 90 సెకనులలో ఆరింట నాలుగింటిని ఎన్నుకొనవలెను. రంగమున ఒక్కమారు ఇరువైపుల రెండేసి నిలుచును. ప్రతి వంతునను ఇరువురును తమ యాజ్ఞలను రహస్యముగ నిచ్చిన పిదప, వేగము గలది ముందును, మందమైనది వెనుకను కొట్టును. సగము జయాపజయములు ఈ ముందు వెనుకలలోనే యున్నవి. ఎంత బలమైన దెబ్బ యైనను, కొట్టవలసినది ముందే కూలినచో ఏమి లాభము?

కోస్తా మండలములలో సంక్రాంతి పందెములకు కుక్కుటశాస్త్రమును చూచుకొనువారు గలరు. డేగ, కాకి, నెమలి యని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు. ఏ వారమున, ఏ నక్షత్రమున, ఏ జామున ఏ రంగు దేనిని గెలుచునో ఆ శాస్త్రము చెప్పును. కత్తి కట్టి నెత్తురోడించు ఆ పందెమును చట్టము నిషేధించినది, నిషేధించుటయే న్యాయము. తెరమీది యాటలో నెత్తురు లేదు. ఓడిన మృగము మూర్ఛిల్లును, మరల లేచును. కాని తర్కము ఒక్కటే. నీరు నిప్పును గెలుచును, నిప్పు ఆకును గెలుచును, ఆకు నీటిని గెలుచును. ఆ పైన కాలబలమొకటి. భేద మొక్కచోటనే గలదు. కోడిపందెగాడు మంచి జాము కొరకు వేచి యుండును. ఈ యాటగాడు జామును తానే వెంట తెచ్చుకొనును.

మన విద్యార్థి వానజట్టును కూర్చుటకు కూర్చుండినాడనుకొందము. అతడు మొదట ఎన్నుకొనునది పెలిప్పర్ అను గూడబాతు వంటి పక్షి. 2016 నాటి ఏడవ తరము నుండి దీనికి ‘డ్రిజిల్’ అను గుణమబ్బినది. ఇది రంగమున దిగినంతనే వాన మొదలగును. వానలో 100 పాళ్ళ జలప్రయోగము 150 అగును, 100 పాళ్ళ అగ్నిప్రయోగము 50 అగును. ‘స్విఫ్ట్ స్విమ్’ గుణము గల కింగ్‌డ్రా, లుడికోలో వంటి వాని వేగము రెట్టింపగును. మామూలుగ నూటికి 70 మారులు మాత్రమే తగులు ‘థండర్’ పిడుగును, ‘హరికేన్’ సుడిగాలియు వానలో గురి తప్పనే తప్పవు. ఉక్కు వంతెన వంటి ఆకారము గల ఆర్చలుడన్ అను మృగము 2023 డిసెంబరున ఆటలో చేరినది. ఒక వంతు బలము కూడదీసికొని మరుసటి వంతున విడువవలసిన దాని విద్యుత్ప్రయోగము వానలో ఆ వంతుననే వెలువడును. గూడబాతును, ఈ వంతెనను ప్రక్క ప్రక్కన నిలిపినచో ఎదుటివాని గుండె ఝల్లుమనక మానదు.

అయినను వాన ఇరుపక్షములకును కురియును. క్రొత్తగా జట్టు కట్టువారు మరచునది ఇదియే. పెలిప్పర్ నీటిజాతి, పక్షిజాతి రెండును గలది. కనుక పిడుగు దానికి నాలుగు రెట్లు తగులును. అది తెచ్చిన వానయే శత్రువు పిడుగునకు గురి తప్పనితనమును ప్రసాదించును! తాను పట్టిన గొడుగు క్రిందనే శత్రువు వచ్చి నిలుచుట యన్నమాట. జంటపోరున మఱియొక చిక్కు గలదు. ‘సర్ఫ్’ అను కెరటము ఎదుటి రెండింటినే గాక ప్రక్కనున్న తన తోడును గూడ ముంచును. ఎదుటివారినే కొట్టు ‘మడ్డీ వాటర్’ రెంటి మీద పడినపుడు బలము మూడు పాళ్ళకు తగ్గును, పైగా నూటికి 15 మారులు తప్పును. బలమా, తోడా, గురియా యని ప్రతి ప్రయోగముకడను బేరమాడుకొనవలసినదే.

ఎండజట్టు దీనికి సహజశత్రువు. దాని నాయకుడు టోర్కోల్ అను బొగ్గుల తాబేలు. అది దిగినచో రోహిణి కార్తె వచ్చినట్లే, రోళ్ళు పగులును. అగ్నిప్రయోగములు ఒకటిన్నర రెట్లగును, వీనసార్ వంటి ఆకుజాతి మృగముల వేగము రెట్టింపగును. గూడబాతును, తాబేలును ఒక్కసారి రంగమున దిగినపుడు ఏమగును? వేగము గల పక్షి గుణము ముందు పనిచేసి వాన తెచ్చును. మందమైన తాబేలు గుణము వెనుక పనిచేసి ఆ వానను చెరిపివేయును. వెనుక వచ్చినదే నిలుచును. వేగమే సర్వస్వమైన యాటలో ఈ యొక్కచోట మాంద్యము గెలుచుట ముచ్చటైన విషయము. కావున నేర్పరి యగు వానజట్టువాడు మొదటనే పక్షిని దింపడు. తాబేలును ఎండ కాయనిచ్చి, తరువాతి వంతున పక్షిని తోడు మార్పుగా దించును. రోహిణి వెనుక మృగశిర వచ్చినట్లు వాన వచ్చును. తాబేలు ఆటగాడును ఊరకుండడు; తాబేలును వెనుకకు పిలిచి మరల దింపజూచును. ఎవరు ఎవరిని ముందు పిలిచిరి, ఎవరు పిలుతురని యూహించిరి యనునదే అక్కడి పోరు.

ఇసుకజట్టు మొరటుది, టైరానిటార్ లేపిన ఇసుకలో రాతి, నేల, ఉక్కు జాతులవి గాని మృగములు వంతునకు పదునారవ వంతు ప్రాణమును కోల్పోవును. మంచుజట్టు మన యెండల దేశమువారికి దూరపు ముచ్చట.

వానకు విరుగుడు వేరొక వాతావరణమే కానక్కరలేదు. ‘క్లౌడ్ నైన్’ అను గుణము గల మృగము రంగమున నిలిచి యున్నంత వరకు వాన కురియుచునే యుండును గాని దాని ఫలమేదియు నుండదు. ఓరుగల్లు సీమలోని బమ్మెర పోతన పేరు తలచువారికి దీనిని వివరింప నక్కరలేదు. దశమస్కంధమున ఇంద్రుడు ఏడు దినములు కురిపించిన వాన ఆగలేదు. గోవర్ధనగిరి క్రింద గోపకులు తడియలేదు, అంతే. ఆ రెంటికిని గల భేదము గ్రహించిన విద్యార్థి ఆట నియమములలో నొక క్లిష్టమైన దానిని పురాణశ్రవణమున వలెనే గ్రహించును. ఆట కల్పించినవారును ఇట్టి కథ నొకదానిని అల్లుకొనిరి. భూమిని పెంచగోరు గ్రౌడన్ ఎండను, సముద్రమును పెంచగోరు క్యోగర్ వానను తెచ్చి పోరుచుండగా, ఆకాశమునుండి రేక్వేజా అను సర్పము దిగి వచ్చి రెంటిని శాంతింపజేయును. 2016 లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచపోటీలో గెలిచిన వుల్ఫ్ గ్లిక్ జట్టున క్యోగరును, రేక్వేజాయును ఒక్క పక్షముననే నిలిచినవి. వానను తెచ్చునది, వానను మాన్పునది, రెండును ఒకని చేతిలోనే!

అన్నిటికంటె పెద్ద చిక్కు వాన ఆగిపోవుట. మూడవ తరమున సహజగుణము తెచ్చిన వాన వేరొకటి చెరిపిన గాని ఆగెడిది కాదు. 2013 నాటి ఆరవ తరమున అయిదు వంతులని గడువు పెట్టిరి. ఆ యైదింటిలో ఒకటి పక్షి దిగిన వంతే. ఆరుగురిలో నలుగురు వానకే పుట్టినవారైనచో, మేఘములు విడిన క్షణమున ఆ నలుగురును ఒడ్డున పడిన చేపలగుదురు. కాకతీయుల నాటి వారికీ చిక్కు తెలియును. 1213 నాటి శాసనము గల రామప్ప గుడి ప్రక్కన రేచర్ల రుద్రుడు గుడితో ఆగక చెరువును గూడ త్రవ్వించెను. వాన పడిన నాలుగు నెలలలో పట్టిన నీటితో మిగిలిన కాలము గడుపుకొను దేశమిది. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు గొలుసుగ కట్టిన పద్ధతి తెలంగాణమంతట కానవచ్చును. మంచి వానజట్టును అట్లే కట్టవలెను. పెలిప్పర్ మూర్ఛిల్లుటకు ముందే ‘టెయిల్‌విండ్’ అను అనుకూలవాయువును వీచినచో నాలుగు వంతులు తన పక్షము వేగము రెట్టింపగును. వాన పోయినను గాలి మిగులును. ఆర్చలుడన్ వానలో ప్రయోగించిన ప్రతిమారు దాని బలము పెరిగి, అది రంగమున నున్నంత వరకు నిలిచి యుండును. ఆరింట రెండింటినైనను వానతో నిమిత్తము లేనివానిని చేర్చుకొనవలెను. నాలుగే చాలునని తొందరపడు కుర్రవాండ్రు జట్టున వానబిడ్డలనే నింపుకొని, మొదటి మూడు పోరులు గెలిచి, నాల్గవ పోరున తాబేలు నెదుర్కొని తెల్లబోవుదురు.

చివరి తగవు చేతి వస్తువును గూర్చినది. ఒక్కొక్క మృగము ఒక్క వస్తువునే ధరింపవచ్చును. ఒకే జట్టున ఒకే వస్తువు ఇరువురికి కూడదు. పెలిప్పర్‌కు ‘డ్యాంప్ రాక్’ అను తడిరాయి నిచ్చినచో అయిదు వంతుల వాన ఎనిమిది వంతులగును. చాల పోరులు పది వంతులు దాటవు గనుక ఎనిమిదనగా పోరంతయు వానయే. కాని ‘ఫోకస్ సాష్’ అను నడికట్టు నిచ్చినచో, నిండు ప్రాణముతో నున్న పక్షి ఎంతటి పిడుగు తగిలినను కొన ఊపిరితో ఒక్కమారు నిలుచును; నిలిచి గాలి వీచును. ఎదుట ఇసుకజట్టున్నచో ఒక్క రేణువు తగిలినను నిండు ప్రాణము పోవును, నడికట్టు వ్యర్థమగును. దీర్ఘవర్షమా, ఒక్క క్షణపు ఆయువా? వస్తువును పోటీకి రాకముందే నిర్ణయించుకొనవలెను. ఎదుట ఎవరు కూర్చుందురో అప్పటికి తెలియదు. మన విద్యార్థి తడిరాయిని పెట్టును, తీయును, మరల పెట్టును. ప్రక్కగదిలో దీపమార్పుమని కేక వినబడును. అతడు నడికట్టును పెట్టి, జట్టును పదిలపరచి, తెర మూయును.