వీసా ఏజెంటు వేరు, లాయరు వేరు: డబ్బు కట్టేముందు తెలుసుకోండి

నంది, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు మన తెలుగు ఇళ్ళనుంచి గల్ఫ్‌కు, అమెరికాకు, కెనడాకు పోయే పిల్లలు ఎక్కువవుతున్నారు. పొలం కుదువపెట్టి, బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నామో మాత్రం చూసుకోవడం లేదు.

మొన్న మా సంఘం ఆఫీసుకు ఒక తల్లి కాగితాల సంచితో వచ్చింది. కొడుకు వీసాకని మూడు లక్షలు కట్టింది. రసీదు లేదు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది, కింద ఆమె సంతకం ఉంది. మేము చదివి చూస్తే, వీసా రాకపోయినా డబ్బు వాపసు ఇవ్వమని రాసుకున్నారు. "లాయరునని చెప్పినాడు సార్" అంది. అతను లాయరు కాడు.

అందుకే మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాము.

అసలైన లాయరని ఎలా తెలుసుకోవాలి?
అమెరికాలో లాయరుకు ఏదో ఒక రాష్ట్రపు బార్ లైసెన్సు ఉండాలి. ఆ బార్ వెబ్‌సైటులో పేరు వెతికితే కనిపిస్తుంది. ఇమ్మిగ్రేషన్ కేంద్ర చట్టం కాబట్టి ఒక రాష్ట్రపు లైసెన్సుతో ఏ రాష్ట్రంలో ఉన్నవారి కేసైనా చూడవచ్చు. అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖలో మీ తరఫున నిలబడే లాయరు జి-28 అనే ఫారం వేస్తాడు. దానిమీద మీ సంతకం, ఆయన సంతకం రెండూ ఉంటాయి. కెనడా, ఆస్ట్రేలియాలలో లాయరు కాని సలహాదారులు కూడా ఉంటారు, కానీ వారికి అధికారిక రిజిస్టరులో నంబరు ఉండాలి. నంబరు అడిగితే మాట దాటవేసేవారికి రూపాయి కూడా ఇవ్వకండి.

గల్ఫ్ ఉద్యోగానికి?
విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్న ఏజెంటు కావాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంది. ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. పది పాసు కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఇసిఆర్ ముద్ర ఉంటుంది. అలాంటివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తామంటే నమ్మకండి.

ఫారం ఏజెంటు నింపితే తప్పు అతనిదే కదా?
కాదు. సంతకం మీది, బాధ్యతా మీదే. అమెరికా వీసాకు ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఆ దేశంలోకి రానివ్వకపోవచ్చు. నింపిన ఫారం నకలు ఇప్పించుకుని చదివిన తరువాతే సంతకం చేయండి.

పేరులో ఇనిషియల్ ఉంటే?
మన ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డులో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉండడం మామూలే. ఆ తేడాను వీసాకు ముందే సరిచేసుకోండి. కన్నడలో ఉన్న జనన ధ్రువపత్రాన్ని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి.

కాలేజీకి ప్రభుత్వ గుర్తింపు ఉంటే చాలా?
చాలదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వీధిన పడ్డవారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అయితే అక్కడి అధికారులే పన్నిన వల. దానికి క్లాసులే లేవు. రెండూ పైకి గుర్తింపు ఉన్నవే. క్లాసుకు పోకుండా పని చేసుకోవచ్చని ఎవరైనా అంటే, ఫీజు కట్టకముందే ఒక లాయరును అడగండి.

మోసపోతే?
చింతామణి కోర్టు దగ్గరి లాయరు అమెరికా కేసు వాదించలేడు. కానీ ఒప్పందం చదివి చెప్పగలడు, ఏజెంటుకు నోటీసు పంపగలడు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి జిల్లా న్యాయ సేవల ప్రాధికారం ఉచితంగా సాయం చేస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు. పోలీసు ఫిర్యాదు కూడా ఆలస్యం చేయకండి.

మేము కూడా లాయర్లం కాము. కాకపోతే ఉద్యోగమంతా కాగితాల మధ్యే గడిపినవాళ్ళం. ఆ తల్లి సంతకం చేసిన తరువాత వచ్చింది. మీరు సంతకానికి ముందే రండి, కూర్చుని చదివి చెబుతాము.