పెద్దమనిషి కావడం - ముందా? వెనకా?



మా రూములో ఒకమ్మాయి ఆరో తరగతిలోనే పెద్దమనిషి అయింది. ఇంకో అమ్మాయి తొమ్మిదికి వచ్చినా కాలేదు. ఇద్దర్నీ ఏడిపించేవాళ్ళే. ఒకామె బడే మానేస్తానంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఒంట్లో మార్పులు ఆడపిల్లల్లో 8 - 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 9 - 14 మధ్య మొదలవుతాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. కనుక ఆ ఇద్దరికీ ఏ లోపమూ లేదు.

వీటిని మొదలుపెట్టేది మెదడు. ఒంట్లో కొవ్వు సరిపడా ఉందన్న కబురు లెప్టిన్ అనే హార్మోను మెదడుకు అందిస్తుంది. దీన్ని 1994లో కనుగొన్నారు. తిండి చాలని పిల్లలకు అందుకే ఆలస్యమవుతుంది.

మరి చంటినాటి పాలకూ దీనికీ సంబంధం ఉందా? కొంత ఉంది. పసితనంలో మరీ త్వరగా బరువెక్కిన పిల్లలు కాస్త ముందే ఎదుగుతారని పరిశోధనల్లో తేలింది. తల్లిపాల పిల్లలకంటే డబ్బాపాల పిల్లలు మొదటి ఏడాదిలో త్వరగా బరువెక్కుతారు. అయితే పాలొక్కటే కారణం కాదు. వంశం, తిండి, జబ్బులు అన్నీ కలుస్తాయి.

సెలవులకు ఇంటికెళ్తే చెప్పండి: ముర్రుపాలు పారబోయొద్దు. ఆరు నెలలు తల్లిపాలే. తర్వాత జావ, పప్పన్నం పెడుతూ రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వొచ్చు.

8 ఏళ్ళకు ముందే మార్పులొచ్చినా, 15 దాటినా పెద్దమనిషి కాకపోయినా సిగ్గుపడక నర్సమ్మకు చెప్పాలి. ఎవర్నీ ఏడిపించకండి. చెట్లన్నీ ఒకేరోజు పూయవు కదా!

- తొమ్మిదో తరగతి విద్యార్థిని